మీకు తెలుసా? తాడు లాగాక వెనక్కి దారి లేదు!

నిటారు కొండ కనుమల్లో, జలపాతాల అంచు నుంచి తాడు మీద దిగడాన్ని రాపెలింగ్ అంటారు. ‘రాపెల్’ ఫ్రెంచి మాట. వెనక్కి పిలవడమని అర్థం. ఇక్కడ వెనక్కి రప్పించేది తాడునే. పైన బండకు బిగించిన కడియంలోంచి తాడు దూర్చి, రెండు కొసలూ కిందికి వదులుతారు. అందరూ దిగాక ఒక కొస పట్టి లాగితే తాడంతా జరజరా జారి కాళ్ల దగ్గర పడుతుంది. అందుకే 30 మీటర్ల దిగుడుకు కనీసం 60 మీటర్ల తాడు కావాలి.

ఈ పద్ధతికి ఆద్యుడిగా ఫ్రాన్స్‌లోని షామనీ గైడు జాఁ షార్లే-స్ట్రాటన్‌ను చెబుతారు. 1876లో పెటీ డ్రూ శిఖరం ఎక్కబోయి, అందక, ఇలా దిగి వచ్చాడు. పట్టు వదల్లేదు మహానుభావుడు. 1879లో సాధించాడు!

తాడు చేతికొచ్చిందంటే ఇక ముందుకే నడక. నీళ్లు నున్నగా అరగదీసిన తడి గోడను ఎగబాకి వెనక్కి పోవడం దాదాపు అసాధ్యం. కనుమ పొట్టిదే కదా అనుకోకూడదు. ఎగువన కురిసిన వాన నిమిషాల్లో ఆ ఇరుకులోకి వచ్చిపడుతుంది. 1999 జులై 27న స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ దగ్గర సాక్సెటెన్‌బాఖ్ వాగులో దిగుతున్న బృందం మీదికి ఇలాగే వరద దూకింది. 21 మంది చనిపోయారు.

మీరెప్పుడైనా వెళ్తే, ఎగువ కొండల మీద వాన సూచన ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే ఆ రోజుకు తాడును సంచిలోనే ఉంచండి.