మీ కమర్షియల్ ప్లాటు: దుకాణమా, అద్దెనా, అమ్మకమా?

తుళ్లూరు మండలంలో రాజధానికి భూమి ఇచ్చిన రైతులకు, భూమి లేని కుటుంబాలకు

పత్తి, మిరప పండిన చేలో ఇప్పుడు రోడ్డు పడింది, ప్లాటు రాయి పాతారు. "ఈ ప్లాటుతో ఏం చేసుకోవాలి సార్?" అని చాలామంది అడుగుతున్నారు. తొందరపడి సంతకం పెట్టేముందు ఇది ఒకసారి చదవండి.

మీ వాటా ఎంత?

భూసమీకరణలో ఎకరం పట్టా భూమికి:
• మెట్ట: 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం
• జరీబు: 1,000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం

అంటే రెండెకరాల మెట్ట ఇచ్చినవారికి 500 గజాల వాణిజ్య స్థలం. ఏటా పడే కౌలు ఎల్లకాలం రాదు. పొలం పోయాక నెలనెలా ఆదాయం ఇవ్వగలిగింది ఈ వాణిజ్య స్థలమే.

గిరాకీ ఎక్కడుంది?

వెలగపూడిలో సచివాలయం, నేలపాడులో హైకోర్టు, ఐనవోలు వైపు వీఐటీ, నీరుకొండ వైపు ఎస్ఆర్ఎం ఉన్నాయి. 2025 మే 2న రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. పనివాళ్లకు భోజనం, అద్దె గదులు కావాలి. మేస్త్రీలకు హార్డ్‌వేర్ సామాను కావాలి. విద్యార్థులకు హాస్టల్, కోర్టుకు వచ్చేవారికి జిరాక్స్, టిఫిన్ కావాలి. మీ ప్లాటు ముందు రోడ్డు మీద ఎవరు తిరుగుతున్నారో ఓ వారం గమనించండి. ఏ వ్యాపారం పెట్టాలో అక్కడే తెలుస్తుంది.

మీ ముందున్న దారులు

1. సొంతంగా కట్టడం: సీఆర్‌డీఏ ప్లాన్ అనుమతి వచ్చాకే పునాది తీయండి.
2. లీజు: స్థలం మీదే, అద్దె మీకే. లీజు రిజిస్టర్ చేయించాలి. నోటి మాట, తెల్ల కాగితం చాలవు.
3. బిల్డర్‌తో వాటా: మీకు ఎన్ని గజాలు, ఏ అంతస్తు, ఎప్పటిలోగా, ఆలస్యమైతే ఎంత ఇస్తారు? ఈ నాలుగూ రిజిస్టర్ అయిన ఒప్పందంలో ఉండాలి.
4. అమ్మకం: ఇది మీ హక్కు. కానీ అమ్మితే వచ్చేది ఒక్కసారే. పిల్ల పెళ్లి, ఆస్పత్రి, అప్పు లాంటి అవసరం ఉంటే మొత్తం కాకుండా కొంత అమ్మితే సరిపోతుందేమో ఇంట్లో అందరూ కూర్చుని లెక్క చూసుకోండి.

సంతకానికి ముందు

• ప్లాటు నంబరు, విస్తీర్ణం మీ పత్రంలో సరిగా ఉన్నాయా?
• ఈసీ తీశారా?
• పట్టాదారు చనిపోయి ఉంటే వారసుల పేర్లు ఎక్కాయా?
• ఖాళీ కాగితం మీద, చదవని జీపీఏ మీద సంతకం పెట్టకండి.

భూమి లేనివారికి

వ్యాపారం చేయడానికి సొంత ప్లాటే ఉండక్కర్లేదు. టిఫిన్ బండి, కుట్టుమిషన్, కూరగాయల కొట్టు లాంటివాటికి బ్యాంకులో ముద్ర రుణం అడగండి. శిశు విభాగంలో రూ.50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అనుమానం ఉంటే పత్రాలన్నీ తీసుకుని దగ్గరలోని సీఆర్‌డీఏ కార్యాలయానికి వెళ్లండి. అడగడానికి మొహమాటపడొద్దు. పక్కింటి వాళ్లకు చదవడం రాకపోతే ఇది చదివి వినిపించండి.