బస్తాల లెక్క రసీదుకెక్కాలి

కళ్లంలో మిరప టిక్కీలు కుట్టేదాకా కంటికి రెప్పలా కాస్తాం. గుంటూరు యార్డుకు లారీ కదిలేటప్పుడు మాత్రం "అందరం చూస్తుండగానే ఎత్తాం కదా" అని ఊరుకుంటాం. తీరా దింపేచోట రెండు తగ్గితే? నష్టం రైతుది. బస్తాకింత చొప్పున బరువు మోసిన హమాలీకి కూలి కోత, పైగా దొంగ అన్న నింద!

నోటిలెక్క నిలవదు, కాగితం నిలుస్తుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం రవాణా కంపెనీ ఇచ్చే సరుకు రసీదులో రాసిన బస్తాల సంఖ్యే తొలి సాక్ష్యం. సరుకు పోతే బుక్ చేసిన నాటినుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. లేకుంటే దావాకు దారే ఉండదు.

అందుకే మేం చెప్పేదిది. ఎత్తేటప్పుడు ఒకరు పైకి లెక్కపెట్టాలి, మరొకరు ఐదేసి చొప్పున గీతలు గీయాలి. రైతు, హమాలీ మేస్త్రీ, డ్రైవరు - ముగ్గురి లెక్కా ఒకటయ్యాకే రసీదు రాయించాలి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. దింపేచోట తగ్గితే అక్కడికక్కడే ఆ రసీదుమీద 'ఇన్ని తక్కువ' అని రాయించి డ్రైవరు సంతకం తీసుకోవాలి. ఖాళీ కాగితంమీద వేలిముద్ర వెయ్యొద్దు.

రైతూ హమాలీ ఒకరినొకరు అనుమానించుకుంటే బాగుపడేది మధ్యవాడే. లెక్క ఇద్దరిదీ, కాపలా ఇద్దరిదీ!