మెట్ట ఎండకు మదుపు

ఆత్మకూరు దాటి ఉదయగిరి దుర్గమువైపు సాగు దారిలో, ఒకనాటి మధ్యాహ్నము, సౌరఫలకములతో నడచు మోటారు చెంత కొంతసేపు నిలిచితిని. సూర్యునిపై మబ్బు మూసిన వెంటనే గొట్టమునుండి దూకుచున్న ధార సన్నగిల్లి, మబ్బు విడినంతనే మరల పుంజుకొనుచుండగా, పొలము రైతు కంటికి చేయి అడ్డుపెట్టుకొని ఆకాశమువంక చూచెను. మెట్టరైతు ఎండ కొఱకు పైకి చూచుట నేనదివఱకెన్నడు నెఱుగను.

“నడిపేదానికి ఖర్చేముంది సామీ, మొదట కట్టే డబ్బుతోనే తంటా,” అనెను.

డీజిలు ఇంజనుకు ఖర్చు దినదినమును పడును. ఎండకు వెల లేదు గాని, దానిని పట్టు పరికరమునకు మాత్రము ఏండ్లతరబడి పడవలసిన ఖర్చంతయు ఒక్కసారిగా ముందే పెట్టవలెను. 2019లో ఆరంభమైన పీఎం కుసుమ్ పథకము సోలార్ పంపు వెలలో కేంద్రమునకు 30 శాతము, రాష్ట్రమునకు కనీసము 30 శాతము వంతు వేసి, మిగిలినది రైతుకు విడిచినది ఇందుచేతనే.

మఱి ఇట్టి పరికరములను రూపొందించి, అమ్మి, చెడినప్పుడు బాగుచేయు సంస్థలకు సొమ్మెక్కడిది? బ్యాంకు తాకట్టు అడుగును; క్రొత్త సంస్థవద్ద ఆలోచన తప్ప ఆస్తి యుండదు. అచ్చట ప్రవేశించునది వెంచర్ క్యాపిటల్. పలు సంస్థలలో వాటాలు కొని, అందు పెక్కు మునిగినను, ఒకటిరెండు పలురెట్లు పెరిగి ఆ నష్టమును పూడ్చునను నమ్మికతో వచ్చి, సుమారు పదేండ్లలో వాటా అమ్ముకొని తొలగిపోవు ధనమిది. సాఫ్ట్‌వేరుకు ఈ గడువు చాలును. కర్మాగారము కట్టి, యంత్రమును ఎండావానలలో పరీక్షించి, గిరాకీ తెచ్చుకొనవలసిన పనికి చాలదు. 2006-2011 నడుమ స్వచ్ఛ సాంకేతిక సంస్థలలో వెంచర్ పెట్టుబడిదారులు 2,500 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, సగమునకు మించి పోగొట్టుకొన్నారని అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2016లో లెక్కతేల్చిరి.

మన తెలుగువారి గ్రీన్‌కో కథ వేఱుగా నడచినది. మహేశ్ కొల్లి, అనిల్ చలమలశెట్టి హైదరాబాదున నెలకొల్పిన యీ సంస్థ, బయోమాసు, చిన్న జలవిద్యుత్కేంద్రములతో మొదలై, 2007లో లండన్ ఎయిమ్ విపణిలో వాటాలమ్మి, తరువాత సింగపూరు జి.ఐ.సి., అబుధాబి సార్వభౌమనిధి వంటి, దశాబ్దములు వేచియుండగల మదుపరులను సంపాదించుకొన్నది. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని పిన్నాపురమున అది చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి అట్టి ఓపిక గల సొమ్ముతోనే సాధ్యము. పగలు మిగులు సౌరవిద్యుత్తుతో నీటిని పైజలాశయమునకు తోడి, ప్రొద్దుగ్రుంకిన పిదప క్రిందికి వదలి మరల కరెంటు పుట్టింతురు. ఆత్మకూరునకు చేరువనే పెన్నపైనున్న సోమశిలను కూడ ఇట్టి కేంద్రమునకు అనువైన తావుగా ప్రభుత్వము గుర్తించినది.

అయినను, కొండంత పథకమునకు దొరకిన మదుపు బోరుబావి గట్టువఱకు దిగిరాలేదు. నన్ను బాధించునది అదియే. చిన్నరైతుల కొఱకు చౌక గ్రీన్‌హౌసులు రూపొందించిన హైదరాబాదు సంస్థ ఖేతీకి 2022లో ఎర్త్‌షాట్ పురస్కారము వలన 10 లక్షల పౌండ్లు లభించెను. అది బహుమానముగా వచ్చిన సొమ్ము, పలురెట్ల లాభము కోరి వచ్చినది కాదు. మెట్టకు ముందుగా రావలసినది అట్టి సొమ్మే: తొలినష్టమును ప్రభుత్వమో దాతయో భరించిన పిదపనే వెంచర్ ధనము వెంట రాగలదు.

రైతు తన వంతునకు తెచ్చుకొను అప్పు వాయిదాల మాట మఱియొకటి. మదుపరులు, అప్పులవారు నెలనెలా లెక్క చూతురు. డి.సి. పల్లి, కలిగిరి వేలం కేంద్రములలో పొగాకు అమ్ముడుపోయిననాడు గాని యిచ్చటి రైతు చేతిలో సొమ్మాడదు.

“నెలనెలా కట్టమంటే ఎట్టా సామీ? వేలం అయినాక ఒక్కతూరే కట్టేస్తా, ఆ మాట రాసుకోమనండి,” అని, మబ్బు మరల కమ్మగా, ఆ పొలము రైతు ధారవైపు నడచిపోయెను.