కపాలాంతర పీడనం – దృష్టినాడి బింబపు వాపు

కంటి పరీక్షలో అక్షరాల పట్టికను చివరి వరుస దాకా తడుముకోకుండా చదివినవారికి ప్రమాదమేమీ లేదనుకోవడం సహజం. తలలో పీడనం పెరిగిన రోగుల విషయంలో ఈ నమ్మకమే చేటు తెస్తుంది.

దృష్టినాడి కనుగుడ్డును చేరే గుండ్రని చోటును దృష్టినాడి బింబం, అంటే ఆప్టిక్ డిస్క్ అంటారు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును వెలువరించిన తరువాతనే జీవించి ఉన్న మనిషిలో దానిని పరిశీలించడం సాధ్యమైంది. మెదడులో కణితులున్నవారి బింబాలలో వాపును 1860లో ఫాన్ గ్రేఫె వర్ణించాడు. కపాలాంతర పీడనం వల్ల కలిగే ఈ వాపే పాపిలెడిమా. బింబం ఏ కారణంతో ఉబ్బినా ఇదే పేరు రాసేయడం సరికాదు.

మెదడును కప్పిన పొరలే దృష్టినాడిని కూడా కనుగుడ్డు దాకా తొడుగులా చుట్టి ఉంటాయి. ఆ పొరల నడుమ మెదడు చుట్టూ ఉండే ద్రవమే నిండి ఉంటుంది. అందువల్ల కపాలంలోని పీడనం తొడుగులోకి పాకి నాడిని ఒత్తుతుంది. నాడీతంతువులలో పదార్థాల రవాణా మందగించి, అవి బింబం వద్ద ఉబ్బుతాయి. 1960లలో సోహన్ సింగ్ హయ్రే కోతులలో ఈ తొడుగును తెరచి, వాపు తగ్గడాన్ని చూపాడు.

తలనొప్పి, వంగి లేచినప్పుడు క్షణకాలం చూపు మసకబారడం, చెవులలో నాడి కొట్టుకుంటున్నట్లు హోరు, ఒకటి రెండుగా కనిపించడం దీని లక్షణాలు. నడిమి చూపు చాలాకాలం నిలిచే ఉంటుంది. అంచుల చూపు ముందుగా తరుగుతుంది. అక్షరాల పట్టిక ఈ నష్టాన్ని పట్టుకోలేదు, దృష్టిక్షేత్ర పరీక్ష కావాలి.

కణితి, మెదడువాపు, క్షయ వల్ల వచ్చే మెనింజైటిస్, మెదడు సిరలలో రక్తం గడ్డకట్టడం ఇందుకు కారణాలు కావచ్చు. ఇవేవీ లేకుండానే, ముఖ్యంగా అధిక బరువున్న యువతులలో, పీడనం పెరగవచ్చు. మొటిమలకు వాడే టెట్రాసైక్లిన్ తరగతి మందులు, విటమిన్ ఎ సంబంధిత మాత్రలు కూడా దీనికి దారితీయవచ్చు. రోగులు వీటిని మందులుగా లెక్కించక చెప్పడం మరచిపోతుంటారు. ముందుగా స్కానింగ్ చేసి, ఆ తరువాతనే నడుము వద్ద ద్రవపీడనం కొలవాలి. పెద్దలలో అది 250 మి.మీ. నీటిమట్టానికి మించితే ఎక్కువగా పరిగణిస్తారు.

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. కారణం దొరకని రకంలో బరువు తగ్గడం, అసిటజోలమైడ్ ప్రధానం; చూపు వేగంగా పడిపోతుంటే శస్త్రచికిత్స అవసరమవుతుంది. వాపు తగ్గినంత మాత్రాన ఊరట చెందరాదు. పీడనం దిగినా వాపు తగ్గుతుంది, తంతువులు నశించినా తగ్గుతుంది. రెండవ సందర్భంలో బింబం పాలిపోతుంది, పోయిన చూపు తిరిగి రాదు.