నేలపట్టు గూడబాతులు

సంక్రాంతి సెలవులలో బాటసింగారం నుండి బయలుదేరిన వారము పదకొండుగురము. నేనుగాక తక్కిన పదిమందీ విద్యార్థులే. పండ్ల మార్కెట్టు లారీల హోరులో పెరిగే ఈ పిల్లలకు కాకి, పావురము, గోరువంక తప్ప నాల్గవ పక్షి పేరు తోచదు. తీరప్రాంతపు పక్షులను చూపవలెనన్న కోరికతో రాత్రి రైలెక్కించి సూళ్లూరుపేటలో దింపినాను.

అక్కడినుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు నడుమనుండి సాగుతుంది. ఇరుప్రక్కల లోతులేని ఉప్పునీటిలో రాజహంసలు ముక్కులు తలక్రిందులుగా ముంచి ఆహారాన్ని వడగట్టుకొంటున్నవి. నాచులోను, సన్నని రొయ్యజాతి జీవులలోను ఉన్న వర్ణద్రవ్యమే వాటి ఈకలకు గులాబిరంగు నిస్తుందని చెప్పగానే, “మేమూ అట్లా తింటే రంగు మారతామా సార్?” అన్నాడొకడు. నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు. క్యారెట్లు మితిమీరి తిన్నవారి చర్మము పసుపుబారుట వైద్యు లెరిగినదే.

అయినా నా మనస్సంతా నేలపట్టు మీదనే ఉన్నది. సూళ్లూరుపేటకు సుమారు 20 కిలోమీటర్ల దూరాన, దొరవారిసత్రం మండలంలో ఉన్న ఈ చెరువు 1976లో పక్షుల రక్షిత కేంద్రమైనది. ఇక్కడి నీటికడప చెట్లు నీళ్ళలోనే నిలిచి పెరుగుతవి. ఈశాన్య ఋతుపవనాలకు చెరువు నిండినదా, గూడబాతులు వచ్చి ఆ కొమ్మలపై గూళ్ళు కట్టుకొంటవి. చుట్టూ నీరే కోటకందకము. నక్కకు, అడవిపిల్లికి దారి లేదు. వాన ముఖము చాటేసిన ఏట ఆ కోటయే లేదు.

ఒక పిల్ల తల్లి నోటి సంచిలోనికి మెడవరకు తల దూర్చినది. “మ్రింగేస్తున్నది సార్!” అని మావాడు కేక పెట్టినాడు. తల్లి పొట్టనుండి తెచ్చి కక్కిన చేపలను అది తింటున్నది!

ఊరివారికి ఈ పక్షులపై మమకారము. రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువు కదా!

పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులోను ఒకప్పు డిట్లే గూడబాతులు గూళ్ళు కట్టేవి. 1946లో వాటిని కనుగొన్న కె.కె. నీలకంఠన్ మనబోటి ఉపాధ్యాయుడే, ఆంగ్లము బోధించేవారు. చూచినదంతా 1949లో వ్యాసముగా ప్రకటించినారు. తరువాతి దశాబ్దాలలో ఆ గూళ్ళు అంతరించినవి, వ్యాసము మిగిలినది.

ఈ సంగతి చెప్పి, ఎదుట నున్న ఒక్క చెట్టుమీది గూళ్ళను లెక్కించి వ్రాయమన్నాను. ఒకడు 17 అన్నాడు, ఒకడు 22. ప్రొద్దు గ్రుంకుతున్నది. పులికాట్ నుండి తిరిగివచ్చే గూడబాతులు తలలపైగా దిగుతున్నవి. మరునాటి రైలు మధ్యాహ్నము గనుక, తెల్లవారగానే వచ్చి మళ్ళీ లెక్కపెట్టినాము.