డిజిటల్ స్వరలిపి పఠనం – ట్యాబ్లెట్ స్టాండు ఎంపిక: నేలపై కూర్చొనే గాయక, వాదకుల దృష్టి

వ్యాస సంగ్రహం
ముద్రిత స్వరలిపి గ్రంథాలు డిజిటల్ ప్రతులుగా అందుబాటులోకి రావడంతో సంగీత విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు వాటిని ట్యాబ్లెట్ తెరపై చదువుతున్నారు. మార్కెట్లో లభించే స్టాండ్లలో అధిక భాగం కుర్చీలో కూర్చొని లేదా నిలబడి వాయించేవారి కోసం రూపొందినవి. కర్ణాటక సంగీత సాధన ప్రధానంగా నేలపై కూర్చొని సాగుతుంది. ఈ భేదాన్ని ఆధారంగా చేసుకొని చూపు దూరం, ఎత్తు, స్థిరత్వం, పట్టు, పుట మార్పిడి అనే ఐదు ప్రమాణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: స్వరలిపి, ట్యాబ్లెట్, వ్యాసపీఠం, స్థిరత్వం, పుట మార్పిడి

1. ఉపోద్ఘాతం
సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయింది. స్వరాలతో పాటు గమకాలకూ ప్రత్యేక చిహ్నాలు కలిగిన ఆ గ్రంథాన్ని చదివేవారు అక్షరాన్నే కాక, దానిపై ఉన్న చిన్న గుర్తునూ స్పష్టంగా పోల్చుకోవాలి. ఇటువంటి గ్రంథాల పఠనానికి మన ఇళ్లలో ఉన్న సాధనం వ్యాసపీఠం. విప్పిన పుస్తకం వెన్ను దాని మడతలో ఇమిడి, రెండు వైపుల పుటలు రెండు పలకలపై ఆనుతాయి. ట్యాబ్లెట్ మడత లేని ఒకే పలక. దానిని వ్యాసపీఠం రెండు అంచులపై పరిస్తే తెర దాదాపు నేలకు సమాంతరంగా ఉండి పైకప్పు దీపాన్ని ప్రతిబింబిస్తుంది. పీఠాన్ని అడ్డంగా తిప్పి ఒక పలకకు ఆనిస్తే ముందున్న పలక పుట కింది భాగాన్ని కప్పేస్తుంది. కాబట్టి కొత్త సాధనానికి కొత్త ఆధారం అవసరమవుతుంది.

పాశ్చాత్య వాద్యబృందాలలో ఈ మార్పు ముందే మొదలైంది. 2012లో బ్రస్సెల్స్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కాగితపు ప్రతుల స్థానంలో ట్యాబ్లెట్లను ప్రవేశపెట్టింది. అక్కడి వాదకులు కుర్చీలలో కూర్చొంటారు. పాదాలు ఖాళీగా ఉంటాయి. ఆ ఏర్పాటుకు తగిన స్టాండునే యథాతథంగా ఇక్కడ వాడితే అనేక ఇబ్బందులు తలెత్తుతాయి.

2. తెర పరిమాణం, చూపు దూరం
స్టాండు ఎంపిక తెర కొలతతో మొదలవుతుంది. ఏ4 పుట 21 సెం.మీ. వెడల్పు, 29.7 సెం.మీ. పొడవు ఉంటుంది. 4:3 నిష్పత్తి గల 12.9 అంగుళాల తెరపై అది నిలువుగా సుమారు 88 శాతానికి తగ్గి కనిపిస్తుంది, 10.2 అంగుళాల తెరపై సుమారు 70 శాతానికి తగ్గుతుంది. పుట అంచుల్లోని ఖాళీని కత్తిరిస్తే ఈ తగ్గుదల కొంత పూడుతుంది.

తగ్గుదల ప్రభావం చూపు దూరంతో కలిసి పనిచేస్తుంది. మూల ముద్రణలో తారాస్థాయిని సూచించే చుక్క అర మిల్లీమీటరు ఉందనుకుంటే, దానిని 45 సెం.మీ. దూరం నుంచి చూసినప్పుడు కంటి వద్ద ఏర్పడే కోణం సుమారు 3.8 నిమిషాలు. అదే చుక్క 70 శాతానికి తగ్గి, 70 సెం.మీ. దూరంలో ఉంటే ఆ కోణం సుమారు 1.7 నిమిషాలే. సాధారణ దృష్టి విడదీసి చూడగల హద్దు దాదాపు ఒక నిమిషం కనుక గుర్తు ఆ హద్దుకు చేరువవుతుంది. తెలుగు లిపిలో ‘రి’, ‘ని’ అక్షరాల గుడిపైన స్థాయి చుక్క, ఆపైన కాలాన్ని తెలిపే గీత చేరతాయి. చుక్క కనబడకపోతే స్థాయి మారుతుంది. గీత కనబడకపోతే కాలప్రమాణం మారుతుంది. అందువల్ల స్పష్టత అనేది ఇక్కడ పాఠశుద్ధికి సంబంధించిన విషయం.

ట్యాబ్లెట్‌ను అడ్డంగా తిప్పి పుటలో సగం మాత్రమే చూపడం దీనికి ఒక పరిష్కారం. అప్పుడు 10.2 అంగుళాల తెరపైనా అక్షరం దాదాపు మూల పరిమాణంలో కనిపిస్తుంది. అయితే ప్రతి పుటకూ రెండుసార్లు జరపాల్సి వస్తుంది. కాబట్టి నిలువుకూ అడ్డానికీ సులువుగా తిరిగే పట్టు ఉన్న స్టాండునే ఎంచుకోవాలి.

3. ఎత్తు, వాలు, స్థానం
నేలపై కూర్చొన్న వయోజనుల కంటి ఎత్తు సుమారు 70–80 సెం.మీ. తెర మధ్యభాగం నేలకు 50 సెం.మీ. ఎత్తున, శరీరానికి 50 సెం.మీ. ముందు ఉంటే చూపు సుమారు 27 డిగ్రీలు దిగుతుంది. తెర మధ్యభాగం 35 సెం.మీ. ఎత్తులోనే ఉంటే అదే దూరంలో చూపు దాదాపు 39 డిగ్రీలు దిగి మెడ వంగుతుంది. గాత్రజ్ఞులకు ఇది శ్వాసకూ ఇబ్బందే. చూపు ఎన్ని డిగ్రీలు దిగితే తెరను నిలువు నుంచి అన్ని డిగ్రీలు వెనక్కి వాల్చాలి. అప్పుడే అక్షరాలు కురచగా కనిపించవు. కొనే ముందు స్టాండు గరిష్ఠ ఎత్తు కంటే కనిష్ఠ ఎత్తును పరిశీలించడం ముఖ్యం.

స్థానం వాద్యాన్ని బట్టి మారుతుంది. వైణికుల ముందు దండి అడ్డంగా ఉంటుంది కనుక స్టాండు వీణకు అవతల నిలవాలి. దూరం పెరుగుతుంది కనుక పెద్ద తెర గానీ అడ్డపు అమరిక గానీ అవసరం. కర్ణాటక వాయులీన విద్వాంసులు కుడికాలు చాచి, వాద్యం కొనను ఆ చీలమండ వద్ద ఆనిస్తారు. స్టాండు కాళ్లు ఆ చోటికి రాకూడదు. కుడిచేత్తో తాళం వేసే గాయకులకు స్టాండు ఎడమవైపు ఉండటం అనుకూలం.

4. స్థిరత్వం
మూడు కాళ్ల స్టాండు ఒరిగేది రెండు కాళ్ల కొనలను కలిపే గీత మీదుగా. కాళ్లు మధ్య నుంచి 30 సెం.మీ. చాచి ఉంటే ఆ గీత మధ్య నుంచి 15 సెం.మీ. దూరంలోనే ఉంటుంది. రెండు కిలోల స్టాండుకు 30 సెం.మీ. చేయి బిగించి, 700 గ్రాముల ట్యాబ్లెట్‌ను రెండు కాళ్ల మధ్యకు వచ్చేలా అమర్చారనుకుందాం. నేలకు 110 సెం.మీ. ఎత్తున అదే వైపుకు 180 గ్రాముల బరువుకు సమానమైన తోపు తగిలితే చాలు, అది ఒరగడం మొదలవుతుంది. అదే స్టాండు 45 సెం.మీ. ఎత్తులో ఉంటే సుమారు 430 గ్రాముల తోపు కావాలి. నేలపై కూర్చొనేవారికి లభించే సహజమైన అనుకూలత ఇది. ఆ చేయి కిందికి ఒక కాలు వచ్చేలా తిప్పితే ట్యాబ్లెట్ బరువు ఆ కాలిపైనే పడి, ఒరగడానికి తోడ్పడదు. పక్కనే వీణ, తంబుర ఉండే చోట ఈ చిన్న జాగ్రత్త విలువైనది.

వంచదగిన పొడవాటి మెడ గల స్టాండ్లు చౌకగా దొరుకుతాయి. ఒకే మందం గల చేయి కొనపై బరువు వేస్తే అది కుంగే పరిమాణం పొడవు ఘనాన్ని అనుసరిస్తుంది. పొడవు రెట్టింపైతే కుంగుదల ఎనిమిది రెట్లవుతుంది. తెరను తాకిన ప్రతిసారీ ఊగే ఇటువంటి స్టాండు సాధనకు పనికిరాదు.

5. పట్టు
పట్టు ట్యాబ్లెట్‌ను తొడుగుతో సహా ఇముడ్చుకోవాలి. పక్కనున్న మీటలను నొక్కకూడదు. చార్జింగ్ రంధ్రాన్ని మూయకూడదు. మైక్ స్టాండు కొనపై ఎక్కువగా 5/8 లేదా 3/8 అంగుళాల మర ఉంటుంది. కెమెరా ముక్కాలి స్టాండుపై సాధారణంగా 1/4 అంగుళం మర ఉంటుంది. ఇంట్లో లేదా కళాశాలలో ఉన్న స్టాండునే వాడదలిస్తే ఈ కొలత సరిచూసుకొని పట్టు మాత్రమే కొనవచ్చు. ఐప్యాడ్లను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో వాడాలని ఆపిల్ సంస్థ సూచిస్తుంది. వేసవిలో తెలుగు ప్రాంతాల ఆరుబయటి పందిళ్లలో ఈ హద్దు సులువుగా దాటుతుంది. అటువంటి చోట వెనుక భాగానికి గాలి తగిలే పట్టు మేలు.

6. పుట మార్పిడి
బ్లూటూత్ పెడల్ కీబోర్డు మీట నొక్కినట్టే సంకేతం పంపి పుట తిప్పుతుంది. ఫర్‌స్కోర్, మొబైల్‌షీట్స్ వంటి అనువర్తనాలు దీనికి అనుకూలిస్తాయి. కానీ పద్మాసనంలో లేదా బాసిపట్టు వేసి కూర్చొన్నవారి పాదం దానికి అందదు. వారు పెడల్‌ను ఎడమ మోకాలి పక్కన ఉంచి చేత్తో నొక్కవచ్చు. లేదా పల్లవి, అనుపల్లవి, చరణాల ముగింపు వద్ద పుట మారేలా ప్రతిని ముందే విభజించుకోవచ్చు. తెరను తాకి పుట తిప్పదలిస్తే నాలుగో విభాగంలో చెప్పిన స్థిరత్వం మరింత ముఖ్యమవుతుంది.

7. ముగింపు
పై పరిశీలన ప్రకారం ఎంపిక క్రమం ఇలా ఉండాలి: ముందు కూర్చొనే భంగిమ, వాద్యం, తరువాత చూపు దూరం, దానికి తగిన తెర, ఆపై కనిష్ఠ ఎత్తు, స్థిరత్వం, చివరికి పట్టు, పుట మార్పిడి. ధర, ఆకారం చూసి మొదట స్టాండు కొని, తరువాత శరీరాన్ని దానికి అనుగుణంగా వంచడం ఈ క్రమానికి విరుద్ధం. కర్ణాటక సంగీతంలో కచేరీ ప్రధానంగా ధారణపై నడుస్తుంది. స్వరలిపికి తరగతి గదిలో, సాధనలో, పాఠ పరిశోధనలో ఎక్కువ పని ఉంది. స్వరం మీది చుక్కను సరిగా చూపలేని అమరికలో నేర్చుకున్న పొరపాటు కూడా ధారణలో నిలిచిపోతుంది. సంగీత కళాశాలలు స్టాండ్లను సమకూర్చుకునేటప్పుడు ఒక విద్యార్థిని తన వాద్యంతో కూర్చోబెట్టి, పాత ముద్రణకు చెందిన ఒక పుటను తెరపై చదివించి చూడటం సరళమైన, నమ్మదగిన పరీక్ష.