ఇంజనుకూ ఊపిరాడాలి

పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ వైపు వెళ్ళే పాత బస్సుల్లో డ్రైవరు పక్కన పెద్ద రేకు పెట్టె ఉంటుంది. ఇంజను దాని కిందే ఉంటుంది. పోయిన సెలవుల్లో ముందు సీటు దొరికిందని నేనూ తమ్ముడూ ఎంతో సంబరపడ్డాం. గంట తిరక్కుండానే కాళ్ళకు సెగ తగలడం మొదలైంది. "అంకుల్, ఆ మూత కాస్త తెరిస్తే వేడి పోతుంది కదా?" అని తమ్ముడు అడిగాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన డ్రైవరుగారు నవ్వి, "పోదు బాబూ, మన మీదకే వస్తాది. దాంతోపాటు పొగా వస్తాది" అన్నారు. ఆ మాటలో ఎంత సైన్సు ఉందో తరువాత తెలిసింది.

డీజిల్ కాలినప్పుడు పుట్టే శక్తిలో ఇంచుమించు మూడో వంతే బండిని నడిపే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడే. ఆ వేడిలో కొంత పొగగొట్టంలోంచి పోతుంది. కొంత రేడియేటరులోని నీటి ద్వారా బయటపడుతుంది. మిగతాది ఇంజను ఒంటి నుంచి చుట్టూ ఉన్న గాలిలోకి చేరుతుంది. పెట్టెలో గాలి కదలకపోతే ఆ వేడి అక్కడే పేరుకుపోతుంది. రబ్బరు గొట్టాలు గట్టిపడి పగుళ్ళిస్తాయి, వైర్ల పైతొడుగు పెళుసెక్కుతుంది.

డీజిల్ కాలడానికీ గాలి కావాలి. ఒక కిలో డీజిల్‌కు కనీసం 14.5 కిలోల గాలి అవసరం. అంటే లీటరు డీజిల్‌కు దాదాపు 10 ఘనమీటర్లు. బస్సు లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, 50 కిలోమీటర్ల ప్రయాణంలో మన తరగతి గదిలో పట్టేంత గాలిని ఇంజను పీల్చేస్తుంది. చల్లబరచడానికి కావలసిన గాలి దీనికి అదనం.

ఇంజను గదికి గాలి వచ్చే దారి ఎంత అవసరమో, పోయే దారీ అంతే అవసరం. ఇంట్లో ఒక్క కిటికీ తెరిస్తే గాలి ఆడదు. ఎదురుగా మరొకటి తెరిస్తే ఆడుతుంది. బస్సులోనూ అంతే. ముందున్న జాలీలోంచి వచ్చిన గాలిని ఫ్యాను రేడియేటరు గుండా లాగుతుంది. ఆ గాలి ఇంజనును తాకుతూ వెళ్ళి బండి అడుగు నుంచి బయటపడుతుంది. అడుగున బురద పేరుకున్నా, రేకు అడ్డం పడినా జాలీ ఎంత పెద్దదైనా లాభం లేదు. రేడియేటరు చుట్టూ సందులుంటే మాత్రం మూసేయాలి. లేకపోతే గాలి సులువైన దారి చూసుకుని రేడియేటరును తప్పించుకుంటుంది. విదేశాల్లో మోటార్ హోమ్‌లుగా వాడే కొన్ని పాత వ్యాన్లలో ఇంజను వెనక ఉంటుంది. ఎదురుగాలి నేరుగా తగలదు కాబట్టి వాటికి పక్కల నుంచి గాలి దారులు పెడతారు.

ఇంజను పెట్టెకూ మనం కూర్చునే చోటుకూ మధ్య మాత్రం ఒక్క సందు కూడా ఉండకూడదు. నడుస్తున్న బస్సులో కిటికీల పక్కగా దూసుకుపోయే గాలి లోపలి గాలిని బయటికి లాగుతుంది. ఆ లోటు తీర్చడానికి ఇంజను వైపు సందుల్లోంచి గాలి లోపలికి చొరబడవచ్చు. అందులో పొగ కలిస్తే ప్రమాదం. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. అందుకే ఆ మూత అంచున రబ్బరు పట్టీ ఉంటుంది. ఇంజను ఆన్‌లో ఉన్న బండిని ఒకచోట ఆపి, అద్దాలు మూసుకుని అందులో నిద్రపోకూడదు.

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఈ విషయం మరీ ముఖ్యం. జిర్కటాంగ్ దగ్గర బండ్లన్నీ ఆగి, వరుసగా కాన్వాయ్‌లో బయలుదేరతాయి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు జారవా గిరిజనుల రక్షిత ప్రాంతం. దారిలో బండి ఆపకూడదు. వేగం తక్కువ కాబట్టి ఎదురుగాలీ తక్కువే. భారమంతా ఫ్యాను మీదే. పైగా ఉప్పుగాలికి రేడియేటరు పలకలు త్వరగా తినేస్తాయి. అందుకే మా డ్రైవరుగారు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే నీళ్ళు చూసుకున్నారు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీస్తే ఒత్తిడితో ఉన్న మరుగునీళ్ళు ముఖం మీదకి చిమ్ముతాయి.

మిడిల్ స్ట్రెయిట్‌లో బస్సు ఫెర్రీ ఎక్కగానే ఇంజను ఆపేశారు. అయినా పెట్టె ఇంకా వేడెక్కింది! ఫ్యానూ నీళ్ళ పంపూ ఆగిపోతాయి కానీ, లోహంలో దాగిన వేడి కొంతసేపు బయటికి వస్తూనే ఉంటుంది. పాత పెట్రోలు కార్లలో ఈ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, బండి మళ్ళీ స్టార్టయ్యేది కాదు. అప్పటి డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారు.

మనలో చాలామంది నాన్నగారికో అమ్మకో బదిలీ అయినప్పుడు విశాఖపట్నం నుంచో చెన్నై నుంచో ఓడలో వచ్చినవాళ్ళమే. ఓడ అడుగున ఉండే ఇంజను గదికి కూడా పెద్ద పెద్ద ఫ్యాన్లు పైనుంచి గాలిని పంపుతాయి. వేడిగాలి వేరే దారిన పైకి పోతుంది. ఈసారి ఓడ ఎక్కినప్పుడు గాలి వచ్చే దారి ఏదో, పోయే దారి ఏదో వెతికి చూడండి.